పైఅంతస్తుకు పిట్టగోడ

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఏర్పేడు చాలాకాలం ఒక చిన్న కూడలిగానే ఉండేది. రైలుస్టేషను, వ్యాసాశ్రమం, వెంకటగిరి వైపు తిరిగే రోడ్డు, చుట్టూ చేలు, చెరువులు, గుట్టలు. మిద్దెపైన ఇంకొక మిద్దె లేచిందంటే అది ఊళ్ళో కలిగినవారి ఇల్లని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ దారిన వెళ్ళేవారికి వేరే దృశ్యం కనబడుతుంది. 2015లో తిరుపతిలో ప్రారంభమైన ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు రెండూ తమ శాశ్వత ప్రాంగణాలను ఏర్పేడు మండలంలోనే కట్టుకున్నాయి. విద్యార్థుల హాస్టళ్ళు అంతస్తు మీద అంతస్తుగా లేచాయి. వికృతమాల దగ్గర ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఆ వికృతమాల దగ్గరే, తిరుపతి పట్టణంలో సొంత ఇల్లులేని పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో ఇళ్ళను ఒకదానిపై ఒకటిగా పేర్చి కట్టింది.

మన భాషలో అంతస్తు అనే మాటకు రెండర్థాలున్నాయి. మేడలోని వరుస ఒకటి, మనిషి హోదా ఇంకొకటి. ఈ రెండూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది ఈనాడు తిరుపతిలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో, సింగపూరులోనో నాలుగో అంతస్తులోనో నలభయ్యో అంతస్తులోనో కాపురముంటున్నారు. ఈ ఎత్తయిన ఇళ్ళు ఎలా వచ్చాయి? ఎక్కడ కుటుంబాలను నిలబెట్టాయి, ఎక్కడ కూల్చాయి? క్రైస్తవ కుటుంబం అక్కడ ఎలా బ్రతకాలి? ఈ నెల ఈ విషయాన్ని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మిద్దె, తిన్నె, వీధి

మన చిత్తూరు సీమ పల్లెల్లో పేదవారిది బోద కప్పిన కొట్టం. కొంచెం కలిగినవారిది పెంకుటిల్లు లేక మట్టిమిద్దె. ఏ ఇంటికైనా ముందర తిన్నె ఉండేది. దారిన పోయేవాడు కూర్చోవడానికి, ముసలివారు పగలంతా గడపడానికి, ఎండాకాలం పడుకోవడానికి, పెళ్ళిమాటలు మాట్లాడుకోవడానికి, చనిపోయినవారిని చివరిసారి చూడడానికి అన్నిటికీ అదే చోటు. తిన్నె ఇంటివారిదే అయినా వీధిలోనివారందరికీ దానిమీద చనువుండేది.

అయితే పాతకాలమంతా బంగారమని మనం అనుకోరాదు. ఆ వీధి అందరిదీ కాదు. ఊరు ఒకచోట, వాడ ఇంకొకచోట. బావిలోనుంచి తామే నీళ్ళు తోడుకునే హక్కు లేక, ఎవరైనా వచ్చి కడవలో పోసేదాకా నిలబడినవారు మన పెద్దలే. మన సంఘాలలో పెద్దభాగం ఆ ఊరిబయటి వాడల్లోనే పుట్టింది. కాబట్టి నలుగురూ ఒకే మెట్లెక్కి, ఒకే గోడకు అటూ ఇటూ నివసించే ఇల్లు వచ్చిందంటే దానిలో ఒక మేలు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ మేలును కాపాడుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

పరిశుద్ధ గ్రంథంలో పైఅంతస్తు

ఎత్తయిన కట్టడం అనగానే మన ప్రసంగాల్లో బాబెలు గోపురం వస్తుంది. అయితే ఆదికాండము 11వ అధ్యాయాన్ని జాగ్రత్తగా చదివితే అక్కడి తప్పు ఎత్తులో లేదు. దేవుణ్ణి పక్కకు నెట్టి తమకు పేరు సంపాదించుకోవాలన్న గర్వంలో ఉంది. ప్రభువు చివరి భోజనం చేసినది మేడగదిలోనే. పేతురు మధ్యాహ్నం ప్రార్థనకు ఎక్కింది మిద్దెమీదికే. షూనేము స్త్రీ ఎలీషాకు మిద్దెమీద చిన్నగది కట్టించి, మంచము, బల్ల, దీపము పెట్టించింది.

పైఅంతస్తు అపాయాలనూ గ్రంథం దాచలేదు. దావీదు మిద్దెమీద తిరుగుతూ పక్కింటివైపు చూచిన చూపు ఒక కుటుంబాన్ని నాశనం చేసింది. త్రోయలో పౌలు అర్ధరాత్రిదాకా బోధిస్తుండగా ఐతుకు అనే యౌవనస్థుడు కిటికీలో కూర్చుని నిద్రపట్టి మూడవ అంతస్తునుండి క్రిందపడ్డాడు (అపొ. 20:9). ఆనాటి రోమా పట్టణంలో కూడా సామాన్యులు ఇలాంటి అంతస్తుల అద్దె ఇళ్ళలోనే ఉండేవారు. పైకి పోయేకొద్దీ గది ఇరుకు, మంటల భయం ఎక్కువ. అందుకే నిరుపేదలకు పై అంతస్తులే మిగిలేవి. అగస్టసు చక్రవర్తి ఆ ఇళ్ళ ఎత్తుకు హద్దు పెట్టవలసి వచ్చింది. అంటే అపార్టుమెంటులో సంఘం కూడుకోవడం మనతో మొదలైన సంగతి కాదు.

వీటన్నిటికీ ముందు, ఇశ్రాయేలీయులు ఇంకా గుడారాల్లో ఉన్నప్పుడే, ఒక చిన్న ఆజ్ఞ వచ్చింది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు దాని పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా అక్కడినుండి పడితే ఆ రక్తదోషం ఆ ఇంటిమీద ఉంటుంది (ద్వితీ. 22:8). ఇల్లు నాది, కప్పు నాది, అయినా దానిమీద నడిచే పొరుగువాని ప్రాణానికి నేనే జవాబుదారీని. ఎత్తయిన ఇళ్ళ చరిత్రనంతటినీ ఈ ఒక్క ఆజ్ఞ వెలుగులో చదవవచ్చు.

ఇల్లు ఆకాశంలోకి ఎలా లేచింది?

మెట్లెక్కడానికి మనిషి కాళ్ళకు ఓపిక ఉన్నంతవరకే ఇల్లు పైకి పోగలిగింది. 1850లలో అమెరికాలో ఎలీషా ఓటిస్ అనే ఆయన, తాడు తెగినా పడిపోని లిఫ్టును తయారుచేశాడు. ఇనుము, కాంక్రీటు తోడయ్యాయి. అంతవరకు పేదలకు వదిలేసిన పైఅంతస్తు క్రమంగా ధనవంతులు కోరుకునే చోటయింది. గాలి, వెలుతురు, దూరదృశ్యం అన్నీ అక్కడే.

రెండవ ప్రపంచయుద్ధంలో యూరప్ పట్టణాలు బూడిదయ్యాక లక్షల కుటుంబాలకు గూడు లేకుండా పోయింది. ఆ సమయంలో మన చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన లె కార్బూజియే ఫ్రాన్సులోని మార్సెయిల్ పట్టణంలో ఒకే భవనంలో 337 ఇళ్ళు కట్టాడు. 1952లో అది పూర్తయింది. సుమారు 1,600 మందికి వసతి. లోపలే అంగళ్ళవీధి, మిద్దెమీద పిల్లల బడి, నీళ్ళ తొట్టి, పరుగెత్తడానికి బాట. ఊరినంతా నిలువుగా నిలబెట్టాలన్నది ఆయన ఆశ. అక్కడివారు మొదట దాన్ని పిచ్చివాడి ఇల్లని ఎగతాళి చేశారు. 2016లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. అయితే ఆయనను చూచి కట్టినవారు చాలామంది ఆ ఎత్తును మాత్రమే తీసుకున్నారు. అంగళ్ళను, బడిని, మిద్దెమీది ఆటస్థలాన్ని ఖర్చని వదిలేశారు. ప్రభుత్వాలకు కావలసింది తక్కువ ఖర్చుతో ఎక్కువ గదులు.

క్రిస్మస్ రాత్రి కాలిన గుడిసెలు

1953 డిసెంబరు 25. హాంకాంగులోని షెక్ కిప్ మే అనే గుడిసెల పేటలో క్రిస్మస్ రాత్రి నిప్పంటుకుంది. చైనానుండి ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన కాందిశీకులే అక్కడ ఎక్కువ. తెల్లవారేసరికి యాభైవేలమందికి పైగా నిలువనీడ లేనివారయ్యారు. అప్పటి ప్రభుత్వం ఆ స్థలంలోనే ఆరేడు అంతస్తుల బ్లాకులు కట్టడం మొదలుపెట్టింది. ఐదుగురున్న కుటుంబానికి 120 చదరపు అడుగుల ఒకే గది. కుళాయిలు, మరుగుదొడ్లు ఉమ్మడివి. వంట బయట వసారాలో. సుఖమని చెప్పలేం గాని, నిప్పుకు కాలని గూడు దొరికింది.

ఆ బ్లాకుల మిద్దెలు ఖాళీగా ఉండేవి. సంఘాలు, సేవాసంస్థలు ప్రభుత్వాన్ని అడిగి ఆ మిద్దెలమీద బడులు నడిపాయి. వేలాదిమంది పేద పిల్లలు ఆకాశం క్రింద, చుట్టూ కంచెవేసిన మిద్దెమీద అక్షరాలు నేర్చుకున్నారు. ఎవరిదీ కాని చోటును పిల్లల చోటుగా మార్చినవారిలో మన విశ్వాసులున్నారని తెలిసినప్పుడు మనకు సంతోషం కలుగుతుంది.

సింగపూరులో 1960లో గృహనిర్మాణ మండలి ఏర్పడింది. మరుసటి సంవత్సరం మే 25న బుకిట్ హో స్వీ పేట కాలి సుమారు 16,000 మంది వీధినపడ్డారు. ఏడాది తిరక్కముందే వారిలో చాలామందికి కొత్త ఇళ్ళు లేచాయి. ఈనాడు ఆ దేశ నివాసులలో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ఈ ప్రభుత్వ బ్లాకుల్లోనే ఉన్నారు. అక్కడ ఉద్యోగాలు చేసే మన తెలుగువారు ఎందరో వాటిలోనే అద్దెకుంటున్నారు. చాలా బ్లాకులకు క్రింది అంతస్తును గోడలులేకుండా ఖాళీగా వదిలారు. అక్కడ పెళ్ళిళ్ళు చేస్తారు, చనిపోయినవారిని ఉంచి బంధువులు కూర్చుంటారు, సాయంత్రాలు ముసలివారు చదరంగమాడతారు. మన తిన్నెవంటిదే అది. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రతి కుటుంబమూ నెలనెలా కట్టే సొమ్ముతో మెట్లు, లిఫ్టులు, దీపాలు చూసుకోవడానికి పట్టణమండళ్ళను ఏర్పరచారు.

కూలగొట్టిన ముప్పైమూడు మేడలు

అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో 1954లో మరో ప్రయోగం మొదలైంది. ప్రూయిట్ ఐగో అనే ఆ కాలనీలో 33 భవనాలు, ఒక్కొక్కటి 11 అంతస్తులు, మొత్తం 2,870 ఇళ్ళు. మురికివాడల్లో ఎలుకల మధ్య బ్రతికిన తల్లులు అక్కడ చేరిన మొదటి రోజుల్లో పరలోకం దొరికినట్టు సంతోషించారు. పద్ధెనిమిదేళ్ళు తిరక్కముందే, 1972లో, ప్రభుత్వమే ఆ మేడలను మందుగుండు పెట్టి కూల్చడం మొదలుపెట్టింది. 1976 నాటికి ఒక్కటీ మిగల్లేదు.

ఎందుకలా జరిగింది? ఎత్తు ఎక్కువైనందుకేనని చాలామంది పండితులు తీర్పు చెప్పారు. కాని లోతుగా చూస్తే వేరే కారణాలు కనబడతాయి. కట్టడానికి కేంద్రప్రభుత్వం డబ్బిచ్చింది, చూసుకోవడానికి ఇవ్వలేదు. మరమ్మతులన్నీ పేదలు కట్టే అద్దెల్లోనుంచే జరగాలి. నగరంలో పనులు తగ్గి జనం శివార్లకు వెళ్ళిపోవడంతో ఇళ్ళు ఖాళీ అయ్యాయి, అద్దెలు తగ్గాయి, లిఫ్టులు ఆగాయి, పైపులు పగిలాయి. ఖర్చు మిగల్చడానికి లిఫ్టు ప్రతి మూడు అంతస్తులకు ఒకసారి మాత్రమే ఆగేలా కట్టారు. మిగిలిన దూరం చీకటి మెట్లమీద నడవాలి. ఆ మెట్లమీదే దోపిడీలు. మొదట నల్లవారికి ఒకభాగం, తెల్లవారికి ఇంకొకభాగం అని ఏర్పాటు చేశారు. వేర్పాటు చెల్లదని తేలగానే తెల్లవారు చాలామంది విడిచిపోయారు.

కుటుంబాన్ని విరిచిన నియమం మరొకటుంది. ప్రభుత్వ సహాయం పొందే ఇంట్లో పనిచేయగల భర్త ఉండరాదన్నారు. పిల్లలకు అన్నం కావాలంటే తండ్రి ఇల్లు విడిచిపోవాలి. దేవుడు జతపరచినవారిని ఒక ప్రభుత్వ కాగితం వేరుచేసింది. తండ్రి లేని ఇళ్ళు, చూసే దిక్కులేని మెట్లు రెండూ ఒకేచోట చేరాయి. ఇక ఆ మేడ ఎన్ని అంతస్తులైతేనేమి?

ఈ చరిత్రలను పక్కపక్కన పెడితే ఒక సత్యం తేటపడుతుంది. ఎత్తయిన ఇంట్లో నీ తలుపు లోపలిది నీవు ఎలాగూ చూసుకుంటావు. తలుపు బయట ఉన్న మెట్లు, లిఫ్టు, నీళ్ళ మోటారు, మురుగుతొట్టి, మిద్దె ఎవరివీ కావు, అందరివీను. ఆ ఇల్లు నిలిచేదీ పడేదీ అక్కడే.

మన తెలుగు నేలమీద

హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో 1980ల నుంచి అపార్టుమెంట్ల కట్టుబడి ఊపందుకుంది. నేల ధర పెరిగింది, ఉమ్మడి కుటుంబం విడిపోయింది, ఉద్యోగస్థులకు పట్టణం నడుమ చిన్న ఇల్లు చాలనిపించింది. 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. దానిప్రకారం ఫ్లాటు కొన్నవారికి నాలుగు గోడలతోపాటు క్రింది నేలలోనూ, మెట్లు మిద్దెల వంటి ఉమ్మడి స్థలాల్లోనూ విడదీయరాని వాటా ఉంటుంది. అందరూ కలిసి సంఘంగా ఏర్పడి వాటిని చూసుకోవాలి. చట్టం వాడిన మాట కూడా సంఘమే. క్రైస్తవులకు ఆ మాట కొత్తది కాదు. 2006 తర్వాత హైదరాబాదులో కట్టుబడి విస్తీర్ణానికున్న పరిమితి తొలగిపోయి, నగరం పడమటివైపు యాభై అంతస్తులు దాటిన మేడలు కూడా లేచాయి.

పేదల ఇళ్ళూ ఇదే దారి పట్టాయి. హైదరాబాదు శివారు కొల్లూరులో తెలంగాణ ప్రభుత్వం ఒకేచోట 15,660 రెండు పడకగదుల ఇళ్ళు కట్టి 2023 జూన్ 22న ప్రారంభించింది. తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల బ్లాకులవి. చెన్నై పెరుంబాక్కంలో ఎనిమిది అంతస్తుల బ్లాకుల్లో ఇరవైవేలకు పైగా ఇళ్ళున్నాయి. 2015 డిసెంబరు వరదల తర్వాత నదీతీరాల గుడిసెలనుండి ఎందరినో అక్కడికి తరలించారు. ఇల్లు గట్టిదే; కాని ఇంటిపనులకు, కూలికి పోయే చోటు ఎన్నో కిలోమీటర్ల దూరమైంది. బస్సు చార్జీ పెట్టుకోలేక పని మానుకున్న తల్లులున్నారు.

మన రాష్ట్రంలో టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో, క్రింది వరుసతో కలిపి నాలుగు అంతస్తులుగా లేచాయి. ఏర్పేడు మండలం వికృతమాలవి అటువంటివే. తిరుపతిలో పూలమ్ముకునేవారికి, హోటళ్ళలో పాత్రలు తోమేవారికి, ఆటో నడిపేవారికి పట్నం వదిలి అంతదూరం కాపురం మారడం చిన్న సంగతి కాదు. ఇల్లు చేతికొచ్చిన రోజు స్తోత్రం చెల్లించడం న్యాయమే. ఆ తర్వాత బస్సు ఎన్నిసార్లు వస్తుంది? బడి ఎంతదూరం? మోకాళ్ళ నొప్పులున్న అవ్వకు మూడో అంతస్తు వస్తే ఎలా? మోటారు కాలిపోతే డబ్బు ఎవరు వేసుకోవాలి? సెయింట్ లూయీ తల్లులు అడిగిన ప్రశ్నలు ఇవే. ఇక్కడ వాటికి మంచి జవాబు దొరికేలా చూడడానికి ఇంకా సమయముంది.

కట్టినవారి రక్తం

మేడ ఎక్కేవారు దాన్ని కట్టినవారిని తలచుకోవడం అరుదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌళివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్ళిన మన తెలుగు బిడ్డలు. పునాది నిలవక, స్తంభాలు బరువు మోయలేక పోయాయని తేలింది. పక్కనే ఉన్న రెండో మేడను 2016లో కూల్చేశారు.

కొనేటప్పుడు మనం చదరపు అడుగుకు ఎంతని బేరమాడతాం. నేల పరీక్ష చేయించారా, అనుమతి తీసుకున్న అంతస్తులెన్ని, కట్టినవెన్ని అని అడిగేవారు కొద్దిమంది. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో కేంద్రానికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి క్రింద కార్లు నిలుపుకోవడానికి గోడలు లేకుండా వట్టి స్తంభాలే ఉన్నాయి. మన పట్టణాల అపార్టుమెంట్లలో ఎక్కువభాగం అదే పద్ధతి. అటువంటి చోట స్తంభం చెక్కి గూడు పెట్టుకోవడం, గోడ తీసి గది పెంచుకోవడం పైనున్న అందరి ప్రాణాలతో ఆడుకోవడమే.

1968 మే 16న లండనులోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల మేడలో, 18వ అంతస్తులో ఒకరు తెల్లవారుజామున టీ పెట్టుకోవడానికి పొయ్యి వెలిగించారు. గ్యాసు పేలి, మేడ ఒక మూల పైనుంచి క్రిందిదాకా జారిపోయింది. నలుగురు చనిపోయారు. వారు కాపురాలు చేరి కొద్దివారాలే అయింది. పలకలను అతికించిన కీళ్ళు బలహీనంగా ఉన్నాయని తర్వాత తెలిసింది. కట్టినవాడు చేసిన పొదుపుకు వెల చెల్లించినవాడు అందులో నిద్రపోతున్నవాడు. మోషే ధర్మశాస్త్రం రక్తదోషమన్నది దీన్నే.

మెట్లమీద పొరుగువాడు

ఇల్లు అద్దెకు అడగబోతే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, మీరెవరు అని. ఆ ప్రశ్న వెనుక ఏముందో మన కుటుంబాలకు బాగా తెలుసు. పేరు విని, కూరవాసన తలచుకుని తలుపు మూసినవారున్నారు. అలా గాయపడినవారం మనం, మన ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు అదే ప్రశ్న అడగకుండా ఉన్నామా? ఊరిబయట వాడను విడిచివచ్చినవారి పిల్లలు మూడో అంతస్తులో ఇంకో ఊరిబయటను కట్టరాదు.

ప్రతి అపార్టుమెంటు క్రింద ఒక చిన్నగది ఉంటుంది. వాచ్‌మన్ కుటుంబం అందులో కాపురముంటుంది. భర్త మోటారు వేస్తాడు, కార్లు తుడుస్తాడు. భార్య నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. పిల్లలు మెట్లక్రింద హోంవర్కు చేసుకుంటారు. ఏ పల్లెలోనో పొలం ఎండిపోయి వచ్చినవారు. ఐదు అంతస్తులకూ కాపలా కాసేవారికి ఆ మేడలో ఏ అంతస్తూ లేదు. వారి పిల్లల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

మరణం వచ్చినప్పుడు ఈ ఇళ్ళ ఇరుకు బయటపడుతుంది. పెట్టె మెట్లమలుపు తిరగదు. అద్దె ఇంట్లోకి శవాన్ని తేనివ్వని యజమానులున్నారు. క్రింద కార్లుంటాయి. ఆసుపత్రినుండి నేరుగా సమాధులతోటకు పోవలసిన దుఃఖం ఎన్నో కుటుంబాలది. మన మందిరాలకు హాళ్ళున్నాయి. విశ్వాసి అయినా కాకపోయినా, ఆ పేటలో చనిపోయినవారిని ఒక పూట ఉంచి కన్నీరు విడవడానికి ఆ హాలు తలుపు తెరిస్తే, పది సువార్త సభలు చెప్పలేనిది ఆ ఒక్క పనే చెబుతుంది.

మనవల్ల పొరుగువారికి కలిగే ఇబ్బందినీ ఒప్పుకుందాం. గృహప్రార్థనకు మైకు అక్కరలేదు. పక్కగోడకు అవతల పసిబిడ్డ, పరీక్షకు చదివే విద్యార్థి, రాత్రిడ్యూటీ చేసి పడుకున్న మనిషి ఉంటారు. మెల్లగా చేసిన ప్రార్థన కూడా దేవుడు వింటాడు. ప్రార్థన కూడిక ఉన్నరోజు ముందే పక్కవారికి చెప్పి, చెప్పులు మెట్లకు అడ్డం లేకుండా పెట్టి, ముగిశాక వారి పిల్లలకూ ఫలహారం పంపితే సాక్ష్యం నిలుస్తుంది.

మనం చేయదగినవి

1. బాల్కనీకి, మిద్దెకు పిట్టగోడ కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలి. దాని పక్కన పిల్లలు ఎక్కగల కుర్చీ, కుండీ, డబ్బా పెట్టవద్దు.

2. మెట్లమీద సైకిళ్ళు, పాత సామాను, ఖాళీ సిలిండర్లు ఉంచవద్దు. నిప్పంటుకున్నప్పుడు లిఫ్టు ఎక్కరాదు, మెట్లే దారి. మిద్దె తాళంచెవి ఎక్కడుందో ప్రతి ఇంటికీ తెలియాలి.

3. పడుకునేముందు గ్యాసు రెగ్యులేటరు కట్టేసే అలవాటు పిల్లలకూ నేర్పండి.

4. అపార్టుమెంటు సంఘం కూటానికి తప్పక వెళ్ళండి. నెలసొమ్ము గడువులోగా కట్టండి. లెక్కలు చూడవలసిన బాధ్యత వస్తే తప్పించుకోవద్దు. నమ్మకమైన గృహనిర్వాహకుడు అక్కడ కూడా కావాలి.

5. పైఅంతస్తులో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు సంఘకాపరికి ఇవ్వండి. పిల్లలు పరదేశంలో, తల్లిదండ్రులు ఐదో అంతస్తులో ఉన్న ఇళ్ళు మన సంఘాల్లోనే చాలా ఉన్నాయి. లిఫ్టు ఆగితే వారికి ఆరాధనే ఆగిపోతుంది. ప్రభుబల్లను, పలకరింపును వారి గడపకు తీసుకువెళ్ళాలి.

6. కొత్తగా టిడ్కో కాలనీలవంటి చోట్లకు మారిన కుటుంబాలను దగ్గరలోని సంఘం వెదకి కలుసుకోవాలి. సండేస్కూలుతోపాటు సాయంత్రం చదువు, కుట్టుపని, బస్సుకోసం అర్జీ వంటివి స్త్రీల సమాజము, యౌవనస్థులు చేయగల పనులు. హాంకాంగు మిద్దెలమీద చేసినవారు మనకంటే కలిగినవారేమీ కారు.

కుటుంబ ఆరాధనలో మాట్లాడుకోవడానికి

ద్వితీయోపదేశకాండము 22:8, అపొస్తలుల కార్యములు 20:7-12 చదవండి. ఐతుకు పడ్డప్పుడు పౌలు ప్రసంగం ఆపి క్రిందికి దిగి వెళ్ళి ఆ చిన్నవాణ్ణి కౌగిలించుకున్న సంగతి గమనించండి. మన మెట్లమీద, మన గోడ అవతల పడిపోతున్నవారెవరు? మన ఇంటికి ఎక్కడ పిట్టగోడ లేదు? వాచ్‌మన్ పిల్లల పేర్లు మన పిల్లలకు తెలుసా?

చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో ఇళ్ళు కట్టుకుని కాపురముండమని, తాము చేరిన పట్టణం క్షేమంకోసం ప్రార్థించమని చెప్పాడు. ఆ పట్టణం క్షేమంలోనే వారి క్షేమం ఉందన్నాడు (యిర్మీయా 29:5-7). బబులోను వారు కోరుకున్న ఊరు కాదు. మనలో ఎందరికో ఈ కాంక్రీటు మేడలు అలాగే కోరుకోని ఊళ్ళు. అయినా దేవుడు మనలను ఉంచిన అంతస్తు అదే. అక్కడ మన పొరుగువాడు క్షేమంగా మెట్లు దిగేలా చూచే కృపను ప్రభువు ప్రతి కుటుంబానికీ అనుగ్రహించును గాక.